స్పీకర్ మీట నొక్కే ముందు

ఖమ్మం నుంచి కొత్తగూడెం మీదుగా భద్రాచలం వెళ్ళే దారిలో, ఊళ్ళు పలచబడి టేకుచెట్లు చిక్కబడే చోట, మేము పాఠాలు చెప్పే మదరసా ఉంది. మణుగూరు, అశ్వాపురం, బూర్గంపాడు, గోదావరి ఆవలి ఒడ్డున దుమ్ముగూడెం, చర్ల ప్రాంతాల పిల్లలు మా వసతిగృహంలో ఉండి చదువుకుంటారు. వారి తండ్రులలో సింగరేణి గనుల కార్మికులున్నారు, లారీల మీద తిరిగేవారున్నారు, వారపు సంతలలో గాజులూ బట్టలూ అమ్ముకొనేవారున్నారు. ఆ ఇళ్ళకూ మాకూ మధ్య ఉన్న ఆధారం కార్యాలయపు బల్లమీది టెలిఫోను.

ఒకప్పుడు ఈ ప్రాంతంలో ఫోను దొరకడమే గగనం. 1984లో సీ-డాట్ సంస్థ ఏర్పడి, శీతలీకరణ యంత్రాలతో పనిలేకుండా ఎండల్లోనూ నడిచే చిన్న ఎక్స్ఛేంజీలను తయారుచేసిన తరువాతే మారుమూల ఊళ్ళకు మీటలు నొక్కితే పలికే ఫోను చేరింది. ఖమ్మానికి 08742, కొత్తగూడేనికి 08744, భద్రాచలానికి 08743 అని మేము వేళ్ళమీద చెప్పుకొన్న రోజులు ఇంకా గుర్తున్నాయి. ఇప్పుడు మా కార్యాలయంలో ఉన్నది ఇంటర్‌కామ్ పెట్టెకు కలిపిన ఫోను. కార్యాలయంలో ఒకటి, నాజిమ్ గారి గదిలో ఒకటి, వంటశాలలో ఒకటి, బాలికల విభాగంలో ఒకటి, మొత్తం నాలుగు. ప్రతిదానిమీదా స్పీకర్ బొమ్మ ఉన్న మీట ఒకటుంటుంది. దానిని నొక్కితే రిసీవర్ ఎత్తవలసిన పనిలేదు. చేతులు ఖాళీగా ఉంటాయి, మాట గదంతా వినిపిస్తుంది.

ఆ మీటకు మేము బాగా అలవాటుపడ్డాము. మా ఎడమ చెవికి కొన్నేళ్ళుగా వినికిడి తగ్గింది. పైగా కార్యాలయంలో కూర్చున్నంతసేపూ చేతిలో ఏదో ఒక పని ఉండనే ఉంటుంది. ఫోను మోగిందంటే మా వేలు తనంతట తానే ఆ మీటమీదకు వెళ్ళేది. రిసీవర్ ఎప్పుడు ఎత్తామో గుర్తులేనన్ని నెలలు అలా గడిచిపోయాయి.

2022 డిసెంబరులో ఒక సాయంత్రం. అసర్ నమాజు అయిన తరువాత పరీక్ష పత్రాలు దిద్దుతూ కూర్చున్నాము. కమిటీ సభ్యులు ఇద్దరు లెక్కలు చూసుకుంటున్నారు. ఫీజు కట్టడానికి వచ్చిన ఒక తండ్రి రసీదు కోసం ఎదురుచూస్తున్నాడు. పై తరగతి కుర్రవాడు ఒకడు టీ గ్లాసులు పెడుతున్నాడు. ఫోను మోగింది. చర్ల వైపు ఊరినుంచి ఒక విద్యార్థి తల్లి. మీట నొక్కి, సలాముకు జవాబు చెప్పి, కలం ఆపకుండానే మాట్లాడసాగాము.

పిల్లవాడు ఎలా ఉన్నాడని అడిగింది, అన్నం తింటున్నాడా అని అడిగింది. తరువాత గొంతు తగ్గించింది. ఆమె గొంతు తగ్గించినకొద్దీ మేము ఫోను ప్రక్కనున్న మీటతో శబ్దం పెంచుతూ పోయాము. ఆ సంగతి ఇప్పుడు వ్రాస్తుంటే మాకే సిగ్గుగా ఉంది. ఒక మనిషి స్వరం ఎందుకు తగ్గిస్తుందో గ్రహించడానికి మదరసాలో ఏళ్ళ తరబడి చదవనక్కరలేదు.

ఆ తల్లి చెప్పినది ఇది. ఆ సంవత్సరం జూలైలో గోదావరి భద్రాచలం దగ్గర 71 అడుగులు దాటింది. 53 అడుగులకే మూడవ ప్రమాద హెచ్చరిక జారీ చేస్తారు. 1986లో వచ్చిన 75.6 అడుగుల వరద తరువాత అంత నీరు మళ్ళీ అప్పుడే చూశాము. ఆ వరదలో వారి కుటుంబం అర్ధరాత్రి ఇల్లు విడిచి బయటపడింది. చీకటిలో మోకాలి లోతు నీటిలో నడిచిన ఆ పదేళ్ళ పిల్లవాడు అప్పటినుంచి నిద్రలో పక్క తడుపుతున్నాడు. ఇంట్లో అత్తమామలకు కూడా తెలియనివ్వలేదట. మదరసాలో ఎవరికీ తెలియకుండా తెల్లవారుజామునే లేచి దుప్పటి ఉతుక్కుంటున్నాడని, సెలవులకు వచ్చినప్పుడు తనతో చెప్పుకొని ఏడ్చాడని చెప్పింది. రాత్రి ఒకసారి లేపి పంపించమని, ఈ మాట మీతోనే ఉంచమని వేడుకొంది. పిల్లలలో ఇది అరుదైన విషయం కాదని, పెద్ద భయం తరువాత మళ్ళీ తలెత్తవచ్చని వైద్యులు చెబుతారు. మేమూ ఆమెకు ధైర్యం చెప్పి, తప్పకుండా చూసుకుంటామని మాట ఇచ్చి, మీట నొక్కి ఫోను కట్టేశాము.

గదిలో నిశ్శబ్దం. కమిటీ సభ్యులలో ఒకరు అయ్యో అన్నారు. ఫీజు కట్టిన తండ్రి రసీదు తీసుకొని తల వంచుకొని వెళ్ళిపోయాడు. టీ గ్లాసులు తీసుకొని కుర్రవాడూ వెళ్ళాడు. మేము మళ్ళీ పత్రాలలో మునిగిపోయాము.

ఇషా నమాజు వేళకే వసతిగృహంలో ఆ మాట పాకింది. మూడవనాడు ఫజ్ర్ నమాజులో ఆ పిల్లవాడు వరుసలో లేడు. పక్క చుట్టి మూలన పెట్టి ఉంది. అప్పటినుంచి దాదాపు గంటసేపు మేము ఎలా గడిపామో అల్లాహ్‌కే తెలుసు. ఒకవైపు అడవి, ఇంకొకవైపు లారీలు ఆగకుండా తిరిగే రోడ్డు, పైగా డిసెంబరు మంచు. చివరికి భద్రాచలం వెళ్ళే తొలి బస్సు కండక్టరు ఒకరు ఫోను చేశారు. టోపీ పెట్టుకున్న చిన్న పిల్లవాడు చేతిలో డబ్బు లేకుండా బస్సెక్కాడని, ఏ ఊరంటే ఏడుస్తున్నాడని, బడి పేరు మాత్రం చెప్పాడని, తరువాతి స్టేజీలో కంట్రోలరు దగ్గర కూర్చోబెడుతున్నానని చెప్పారు. ఆయన పేరు అడగాలన్న స్పృహ కూడా అప్పుడు మాకు లేదు. ఆ కాల్ మాత్రం, ఎందుకో, రిసీవర్ ఎత్తి చెవికి గట్టిగా అదుముకొని విన్నాము.

పిల్లవాణ్ణి తెచ్చుకున్న తరువాత టీ ఇచ్చిన కుర్రవాణ్ణి పిలిపించాము. చాడీలు చెప్పడం ఎంతటి పాపమో తెలియదా అని గద్దించాము. వాడు తల వంచుకొనే, మెల్లగా, "హజ్రత్, మీరు అందరికీ వినబడేటట్టు పెట్టిండ్రు కదా. అది దాచుకునే మాటని నాకెట్ల తెలుస్తది?" అన్నాడు.

మా దగ్గర జవాబు లేదు.

హజ్రత్ జాబిర్ (రజి) ఉల్లేఖించిన ఒక హదీసు అబూదావూద్‌లోనూ తిర్మిజీలోనూ ఉంది. దానిని మేము ఎన్ని తరగతులలో బోధించామో లెక్కలేదు. ఒక మనిషి ఏదైనా మాట చెప్పి అటూ ఇటూ చూశాడంటే ఆ మాట విన్నవాడి దగ్గర అమానతు అవుతుందన్నది దాని భావం. ఇది ఎవరికీ చెప్పవద్దని అతడు నోటితో అననవసరం లేదు. ఎవరైనా విన్నారేమోనన్న ఆ చూపే చాలు. పాఠం చెప్పేటప్పుడు మేము కూడా మెడ తిప్పి చూపించి పిల్లలకు వివరించేవాళ్ళం. కానీ టెలిఫోనులో మాట్లాడే మనిషికి ఆ చూపు లేదు. అవతలి గదిలో ఎవరున్నారో ఆమె మెడ తిప్పి చూడలేదు. ఆమె తరఫున చూడవలసింది రిసీవర్ ఈ వైపున్నవాడు. గదిలో నలుగురున్నారని చెప్పవలసిందీ వాడే. మేము చూడలేదు, చెప్పలేదు. చాలదన్నట్టు శబ్దం పెంచాము.

కుర్రవాడి విషయంలో మాకు ఇంకొక సంఘటన గుర్తుకు వచ్చింది. హజ్రత్ అనస్ (రజి) బాలుడుగా ఉన్నప్పుడు దైవప్రవక్త (స) ఒక పనిమీద పంపారు. ఇంటికి ఆలస్యంగా చేరిన కొడుకును ఉమ్మె సులైమ్ (రజి) ఏ పనిమీద వెళ్ళావని అడిగారు. అది రహస్యమని ఆయన చెప్పకపోతే, అయితే ఎవరికీ చెప్పకని ఆ తల్లే మెచ్చుకొన్నారు. ఈ సంఘటన చెప్పి పిల్లలను మందలించడం మాకు అలవాటు. అయితే అనస్ (రజి)కి అది రహస్యమని తెలుసు. మా కుర్రవాడికి తెలిసే మార్గం మేము ఉంచలేదు.

మరుసటి శుక్రవారం నమాజు తరువాత ఆ తల్లి ఊరికి బయలుదేరాము. ఫోనులోనే క్షమాపణ చెప్పవచ్చునని నాజిమ్ గారన్నారు. మాకు మనసొప్పలేదు. సారపాక దాటి, వంతెన మీదుగా భద్రాచలం చేరి, అక్కడినుంచి దుమ్ముగూడెం మీదుగా చర్ల దారి పట్టాము. దారి పొడవునా ఇళ్ళ గోడలమీద వరద నీటి చారలు ఇంకా చెరగలేదు. పిల్లవాడి తండ్రి సంతకు వెళ్ళాడు. ఆమె మాకు నీళ్ళిచ్చి, అత్తగారిని లోపలికి పంపి, వాకిట్లో నిలబడింది. జరిగినదంతా చెప్పాము. పిల్లవాడు బస్సెక్కిన సంగతి కూడా దాచలేదు.

ఆమె చాలాసేపు ఏమీ అనలేదు. తరువాత ఊరి చివర చెరువు కట్టను చూపించి, "అగో, ఆ ఇప్పచెట్టు కాడికి పోయి మాట్లాడిన మౌల్వీ సాబ్. ఇంట్ల సిగ్నల్ ఉండదు, ఉన్నా మాట్లాడకపోదును. మా అత్తమ్మ వింటదని, అటు ఇటు చూసుకొని, మనిషి లేడని తెలిసినంకనే నోరు తెరిచిన," అంది.

ఆమె తన వైపు చుట్టూ చూసుకొనే మాట్లాడింది. హదీసులో చెప్పిన ఆ చూపు ఆమె చూసింది. మా వైపు గదిలో ఆమె ఎరుగని నలుగురు కూర్చొని ఉన్నారు.

తిరుగు ప్రయాణంలో బస్సులో మా వెనుక సీటు ఆసామి మొబైల్ స్పీకర్ పెట్టి ఆస్తి పంపకాల గురించి తమ్ముడితో మాట్లాడుతూ వచ్చాడు. మేము భద్రాచలంలో దిగేసరికి ఎవరి వాటా ఎంతో బస్సంతటికీ తెలిసిపోయింది. ఆ తమ్ముడికి మాత్రం ఈ శ్రోతల సంగతి తెలియదు.

ఇంత జరిగాక ఆ యంత్రం ఎలా పనిచేస్తుందో సరిగా తెలుసుకోవాలనిపించింది. ఇంటర్‌కామ్ బిగించిన కొత్తగూడెం మెకానిక్‌ను పిలిపించి కూర్చోబెట్టాము. రిసీవర్‌లో మైకు నోటి దగ్గర, స్పీకర్ చెవి దగ్గర ఉంటాయి. కాబట్టి చిన్న శబ్దంతో పని జరుగుతుంది. స్పీకర్ ఫోనులో రెండూ ఒకే పెట్టెలో ప్రక్కప్రక్కనే ఉండి, గదికి సరిపడా శబ్దం చేయాలి. స్పీకర్‌లోంచి వచ్చిన మాట మళ్ళీ మైకులో పడితే అవతలివారికి తమ గొంతే ప్రతిధ్వనిస్తుంది, లేదా కూత పుడుతుంది. దానిని ఆపడానికి పాతకాలపు ఫోన్లు ఒక వైపు మాట వస్తుంటే రెండవ వైపును తగ్గించివేస్తాయి. అంటే ఎవరి వైపు శబ్దం పెద్దదైతే దారి వారికే. గదిలో ఎవరైనా దగ్గినా, గ్లాసులు చప్పుడైనా, మైకు ముందు కాగితాలు తిరగవేసినా, అది మన మాటేననుకొని యంత్రం అవతలివారి మాట మింగివేస్తుంది. మెల్లగా మాట్లాడే తల్లుల మాటలు మధ్యమధ్య తెగిపోతూ వచ్చినది ఇందుకేనని మాకప్పుడు అర్థమైంది. అడవిలో సిగ్నలు లోపమని ఇన్నాళ్ళూ వారినే గట్టిగా మాట్లాడమనేవాళ్ళం.

ప్రతిధ్వనిని లెక్కకట్టి తీసివేసే పద్ధతిని 1960లలో అమెరికాలోని బెల్ లేబొరేటరీస్‌లో రూపొందించారు. ఆ కృషిలో భాగం పంచుకొని, 1967లో దానిపై పరిశోధన పత్రం వెలువరించిన శాస్త్రవేత్త మన్మోహన్ సోంధీ మన దేశంలో పుట్టినవారే. నేటి మంచి ఫోన్లలో రెండు వైపులవారూ ఒకేసారి మాట్లాడగలగడం ఆ విద్య పుణ్యమే. మా బల్లమీది చవక ఫోనుకు అంత భాగ్యం లేదు. గోడ మూలనుంచి కాస్త ముందుకు జరిపి, శబ్దం తగ్గించి, మూరెడు దూరంలోంచి మాట్లాడితే బాగుంటుందని మెకానిక్ చెప్పాడు. జరిపి చూస్తే నిజంగానే తేడా కనిపించింది. మ్యూట్ మీట సంగతి కూడా అప్పుడే తెలిసింది. అది నొక్కితే మన మాట అవతలికి పోదు గానీ, వారి మాట గదిలో వినిపిస్తూనే ఉంటుంది. కాబట్టి దానివల్ల మన గుట్టు నిలుస్తుంది, వారిది నిలవదు. స్పీకర్‌లో మాట నడుస్తుండగా రిసీవర్ ఎత్తితే చాలు, స్పీకర్ దానంతటదే మూగబోతుంది. ఇంత తేలికైన పనిని మేము నెలల తరబడి చేయలేదు.

అన్నిటికంటే మమ్మల్ని కలవరపెట్టినది అతడు చివరలో, సామాన్లు సర్దుకుంటూ, మాటవరసకు చెప్పిన విషయం. మా ఇంటర్‌కామ్‌లో స్వయంగా జవాబిచ్చే ఏర్పాటు ఒకటుంది. ఆ ఏర్పాటులో ఉన్న ఫోనుకు మరొక గదినుంచి కాల్ చేస్తే, ఒక్క చిన్న కూత కూసి, ఎవరూ ముట్టుకోకుండానే మైకు తెరుచుకుంటుంది. చేతులు తీరికలేనివారికి సౌకర్యమని పెట్టారట. బిగించిన రోజునుంచీ మా నాలుగు ఫోన్లూ ఆ ఏర్పాటులోనే ఉన్నాయి, బాలికల విభాగంలోనిది కూడా.

మేము లేచి నిలబడ్డాము. ఆ గదిలో పాఠాలు చెప్పే ఆలిమాలు మధ్యాహ్నం పూట పరదా తీసి విశ్రమిస్తారు. ఇళ్ళనుంచి దూరంగా వచ్చిన అమ్మాయిలు వారితో తమ కష్టసుఖాలు చెప్పుకుంటారు. మేము బియ్యం లెక్కకో, పాఠాల పట్టీకో ఆ నంబరు నొక్కిన ప్రతిసారీ తలుపు తట్టకుండా ఆ గదిలోకి అడుగుపెట్టినట్టే కదా! ఇతరుల ఇళ్ళలోకి అనుమతి తీసుకోకుండా, సలాము చేయకుండా ప్రవేశించరాదని నూర్ సూరా ఆదేశిస్తున్నది. తన గదిలోకి కన్నంగుండా తొంగిచూసిన మనిషిని దైవప్రవక్త (స) ఎంత తీవ్రంగా మందలించారో, అనుమతి కోరే నియమం పెట్టింది చూపు విషయంలోనే కదా అని ఎలా గుర్తుచేశారో బుఖారీలో ఉంది. మా గోడకు కన్నం లేదు. కానీ చెవి దూరే దారి ఒకటి మేమే డబ్బిచ్చి పెట్టించుకున్నాము.

మెకానిక్ చేత అప్పటికప్పుడే నాలుగు ఫోన్లనూ గంట మోగే పద్ధతికి మార్పించాము. ఇప్పుడు బాలికల విభాగంలో గంట మోగుతుంది. వారికి వీలైతే రిసీవర్ ఎత్తుతారు, లేకపోతే లేదు. మూడుసార్లు సలాము చేసినా జవాబు రాకపోతే తిరిగి వెళ్ళిపోవాలన్నది మనకు నేర్పిన మర్యాదే కనుక, మోగి మోగి ఆగిన ఫోనుకు మేము నొచ్చుకోవడం మానుకున్నాము. ఈ విషయం ఆలిమాలకు చెప్పినప్పుడు వారిలో పెద్దావిడ, ఆ పెట్టెమీద తాము ఎప్పటినుంచో మందపాటి తువ్వాలు కప్పి ఉంచుతున్నామని పరదా వెనుకనుంచే జవాబిచ్చారు. మాకంటే ముందే వారు గ్రహించారు. మాతో చెప్పడానికి మొహమాటపడ్డారు, అంతే.

స్పీకర్ మీటను మేము పూర్తిగా వదిలిపెట్టలేదు. వదలడం న్యాయమూ కాదు. అదే 2022 జూలైలో, వరద ఉధృతంగా ఉన్న మూడు రాత్రులూ ఆ మీట మాకు గొప్ప మేలు చేసింది. భద్రాచలంలో ఉన్న మిత్రుడొకరు గంటగంటకూ నీటిమట్టం చెబుతుంటే, కార్యాలయంలో చేరిన తండ్రులందరూ ఒకేసారి విన్నారు. ఒకరు విని పదిమందికి చెప్పేటప్పుడు పుట్టే గందరగోళం తప్పింది. చదువురాని ముసలి తల్లికి డాక్టరు మందులు ఎలా వాడాలో చెబుతుంటే కొడుకూ కోడలూ కలిసి వినడం మంచిదే. ఊరికి వెళ్ళిన పిల్లవాడు ఖుర్ఆన్ అప్పజెబుతుంటే గదిలోని ఉస్తాదులందరమూ స్పీకర్‌లోనే వింటాము. వాడు గర్వంగా ఇంకాస్త గొంతెత్తుతాడు. అక్కడ అవతలివారికి తెలుసు, వారికి ఇష్టమే కూడా. చేతులు నిజంగా తీరిక లేనివారికి తలకు తగిలించుకొనే హెడ్‌ఫోనులున్నాయి. చేయీ ఖాళీగా ఉంటుంది, మాటా గదిలో పడదు. పోయిన సంవత్సరం మా లెక్కల గుమాస్తాకు ఒకటి తెప్పించాము.

ప్రభుత్వం పౌరుల ఫోన్లను చాటుగా వినడంపై పీపుల్స్ యూనియన్ ఫర్ సివిల్ లిబర్టీస్ వేసిన వ్యాజ్యంలో, ఇంట్లోగాని కార్యాలయంలోగాని మనిషి చేసుకొనే ఫోను సంభాషణ అతడి గోప్యతలో భాగమేనని 1996లో సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. 2017లో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కేనని ఏకగ్రీవంగా చెప్పింది. ఒక మనిషి మాట చాటుగా వినాలంటే ప్రభుత్వమంతటిదీ చట్టప్రకారం ఉత్తర్వు తీసుకోవాలి. మేము ఒక వేలితో ఆ పని చేశాము, అదీ ఏ దురుద్దేశమూ లేకుండా. ఈ చివరి మాట చెప్పుకొంటే మనసు తేలికపడుతుందని అనుకున్నాము. పడలేదు.

ఆ పిల్లవాడు ఇప్పుడు మా దగ్గరే హిఫ్జ్ చేస్తున్నాడు. రాత్రి రెండు గంటలకు లేపే పని కొన్ని నెలలపాటు మేమే చేశాము, తరువాత అవసరం లేకపోయింది. వెక్కిరించిన పిల్లలు ఎప్పుడో మరిచిపోయారు. టీ ఇచ్చిన కుర్రవాడు చదువు పూర్తిచేసుకొని వెళ్ళాడు. వెళ్ళేముందు మేము అతణ్ణి కూడా క్షమాపణ అడిగాము. అతడు కంగారుపడి మా చేతులు పట్టుకున్నాడు.

ఆ సంఘటన తరువాత మేము రిసీవర్ ఎత్తడం మొదలుపెట్టిన మొదటి వారంలో దాని చుట్టల తీగ పనిచేయలేదు. వాడక బిగుసుకుపోయి, లోపల ఎక్కడో తెగి ఉంది. బజారులో కొత్తది నలభై రూపాయలకు దొరికింది. బల్ల మీద అద్దం కింద ఒక చీటీ పెట్టుకున్నాము, స్పీకర్ పెట్టే ముందు గదిలో ఉన్నవారి పేర్లు చెప్పాలని. కొత్తగా వచ్చిన గుమాస్తా మొదట్లో అది చదివి నవ్వాడు.

ఆ తల్లి నెలకొకసారి ఫోను చేస్తుంది. సలాము తరువాత ఆమె మొదటి మాట మారలేదు. "ఎవరన్న ఉన్నరా మౌల్వీ సాబ్?" అని అడుగుతుంది. గుమాస్తా ఉన్నాడమ్మా, ఫోను నా చెవి దగ్గరే ఉంది అని చెబుతాము. కొన్నిసార్లు సరే అని మాట్లాడుతుంది. కొన్నిసార్లు, అయితే మగ్రిబ్ తరువాత చేస్తానని పెట్టేస్తుంది. మగ్రిబ్ తరువాత గుమాస్తాను ఇంటికి పంపి మేము ఫోను దగ్గర కూర్చుంటాము.